పన్నెండు దినముల రాజు



చరిత్ర చదువుకొన్నవాడను గనుక నాకొక దురలవాటు కలదు. ఎవరైన సంతోషముతో కథ చూచుచుండగా ప్రక్కను జేరి, ఇది అబద్ధము, అది అసంభవము అని గొణుగుచుందును. క్రిందటి క్రిస్మస్ సెలవులలో మా మనుమరాలు ఈ దురలవాటునకు తగిన శాస్తి చేసినది.

ఆమె నన్ను కూర్చుండబెట్టి చూపిన చలనచిత్రము 2018వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన "ది ప్రిన్సెస్ స్విచ్" అనునది. చికాగో నగరమున కేకులు చేసి అమ్ముకొను స్టేసీ యను పడుచు, పాకశాస్త్రపు పోటీకై బెల్‌గ్రేవియా యను రాజ్యమునకు పోవును. అచ్చటి యువరాజును పెండ్లాడబోవు మార్గరెట్ అను జమీందారుబిడ్డ అచ్చముగా ఈమెవలెనే యుండును. ఒక్క మూసలో పోసిన రెండు బొమ్మలన్నమాట. పెండ్లికి ముందు రెండు దినములైనను సామాన్యురాలివలె బ్రదికి చూడవలెనని మార్గరెట్టు కోరిక. రెండు దినములకని ఒడంబడిక చేసికొని ఇద్దరును స్థానములు మార్చుకొందురు. యువరాజు కేకులమ్మాయిని, కేకులమ్మాయితో వచ్చిన స్నేహితుడు జమీందారుబిడ్డను ప్రేమించుటతో ముడి బిగిసి, క్రిస్మస్ నాటికి విడిపోవును. రెండు వేషములను వెనెస్సా హజెన్స్ అను ఒక్క నటియే ధరించినది.

రాజ్యము పేరు వినగానే నాకు నవ్వు వచ్చెను. బెల్‌గ్రేవియా యనునది లండను నగరములో ధనవంతులు కాపురముండు ఒక పేట. ఆ పేటకు మంచు కురిపించి, కోట కట్టి, రాజ్యము చేసిరి. ఇందులకు వారిని తప్పు పట్టుట న్యాయము కాదు లెండు. ఆంథొనీ హోప్ అను ఆంగ్ల నవలాకారుడు 1894లో "ది ప్రిజనర్ ఆఫ్ జెండా" వ్రాసి, రురిటేనియా యను లేని రాజ్యమును కల్పించినది మొదలు, ఇట్టి రాజ్యములు దేశపటములో తావు లేకున్నను పుస్తకములలోను, తెరమీదను పెరుగుచునే యున్నవి. ఆ నవలలోను కథ ఇదియే. పట్టాభిషేకమునకు ముందు రాజు మత్తుమందు కలిపిన పానీయము త్రాగి పడియుండగా, అతనిని పోలిన ఆంగ్లేయుడొకడు కిరీటము ధరించును.

నా గొణుగుడు విని విని విసిగి, మనుమరాలు అడిగినది: "సరే తాతయ్యా, ఇలాంటిది నిజంగా ఎప్పుడైనా జరిగిందా? అసలు దీనికీ క్రిస్మస్‌కీ సంబంధమేమిటి?"

"కథలమ్మా, జరుగవు. క్రిస్మస్ అనగా వ్యాపారము కొరకు" అంటిని. ఆ రాత్రి నిద్ర పట్టక పాత పుస్తకములు తిరుగవేయుచుండగా, నేను చెప్పిన రెండు జవాబులును తప్పేయని తెలిసినది. ఆ బాకీ నేడు మీ యెదుట తీర్చుకొందును.

రోమనులకు డిసెంబరు 17వ తేదీన మొదలగు సాటర్నేలియా యను పండుగ యుండెడిది. ఆ దినములలో బానిసలు యజమానులతోపాటు కూర్చుండి భుజింతురు. ఒక్కొక్కచోట యజమానులే వడ్డింతురు. ఇతర దినములలో శిక్షార్హమైన జూదము బహిరంగముగా సాగును. విందులలో చీట్లు వేసి ఒకనిని రాజుగా నెన్నుకొందురు. అతడు పాడుమనిన పాడవలెను, ఆడుమనిన ఆడవలెను. పండుగ తీరగానే రాజు రాజు కాడు, బానిస మరల బానిసయే.

ఈ ఆటలో ఒకమారు జరిగిన సంగతిని టాసిటస్ అను రోమను చరిత్రకారుడు వ్రాసియుంచెను. క్రీస్తుశకము 54వ సంవత్సరపు పండుగలో చీటి నీరోకు వచ్చెను. నీరో అప్పటికే నిజమైన చక్రవర్తి. సింహాసనమెక్కి రెండు మాసములైనది. అతడు చనిపోయిన చక్రవర్తికి దత్తపుత్రుడు. చక్రవర్తి కన్నకొడుకగు బ్రిటానికస్, పదునాలుగేండ్లు నిండని బాలుడు, ఆ విందులోనే యుండెను. తక్కినవారికి ఏదో యొక చిల్లర యాజ్ఞ యిచ్చి, ఈ బిడియపు బాలుని నడుమకు వచ్చి పాడుమని నీరో యాజ్ఞాపించెను. నవ్వులపాలు చేయవలెనని యెత్తు. బాలుడు తొణకక లేచి, తండ్రి గద్దెనుండి తాను త్రోసివేయబడితినను భావము ధ్వనించు పాట యెత్తుకొనెను. సభ కరిగిపోయెను. తరువాతి సంవత్సరము మొదలులోనే ఆ బాలుడు రాజభవనమున భోజనపంక్తిలో విషము వలన మరణించెను. ఆటరాజును నిజమైన రాజును ఒక్కడే యగుట ఎంత యపాయమో దీనివలన తెలియును. ఆట తీరినను ఆజ్ఞ తీరదు.

యూరపునందు క్రైస్తవమతము వ్యాపించిన పిమ్మట క్రిస్మస్ మొదలు జనవరి 6వ తేదీ వరకు గల పన్నెండు దినములు ఇట్టి తారుమారులకు నెలవైనవి. ఇది రోమను పండుగ నుండియే దిగివచ్చినదా, వేరుగా పుట్టినదా యని పండితులు వాదులాడుకొందురు. ఆ తగవు వారికే విడుచుదము. ఫ్రాన్సులో రొట్టెలో చిక్కుడుగింజ దాచి కాల్చి, ఆ గింజ యెవరి ముక్కలో వచ్చిన వారిని రాజు చేయుదురు. ఇంగ్లండునందలి పెద్ద చర్చిలలో కీర్తనలు పాడు బాలురలో ఒకనిని బిషప్పుగా నెన్నుకొని, అతనికి చిన్న కిరీటము, చిన్న దండము ఇచ్చుచుండిరి. సాయంకాలపు ప్రార్థనలో, గద్దెమీది బలవంతులు క్రిందికి దిగుదురని చెప్పు చరణము వచ్చినప్పుడు, నిజమైన బిషప్పు దిగిపోవును, బాలుడు పీఠమెక్కును. డిసెంబరు 28వ తేదీతో ఆ యధికారము ముగియును. ఎనిమిదవ హెన్రీ రాజు 1541లో దీనిని నిషేధించెను. గద్దె దిగుట యను మాట ఆటకైనను అతనికి నచ్చియుండదని నా యూహ.

ఇక మన కథకు మూలస్థానమనదగిన రాత్రి యొకటి కలదు. అది 1594వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీ. స్థలము లండనులో న్యాయశాస్త్ర విద్యార్థులు నివసించు గ్రేస్ ఇన్. ప్లేగు మొదలగు కారణములచే కొన్ని యేండ్లు ఆగిపోయిన క్రిస్మస్ వేడుకలను ఆ యేడు ఘనముగా జరుపవలెనని వారు నిశ్చయించిరి. తమలో హెన్రీ హెల్మ్స్ అను రూపసిని, నాట్యము నేర్చినవానిని, రాజుగా నెన్నుకొనిరి. అతనికి పర్‌పూల్ ప్రభువని బిరుదు. చుట్టుప్రక్కల నుండు హోబర్న్, బ్లూమ్స్‌బరీ, క్లార్కెన్‌వెల్ మొదలైన పేటలన్నియు అతని రాజ్యములు, సామంత దేశములు. బెల్‌గ్రేవియాను చూచి నవ్విన నేను ఇది చదివి సిగ్గుపడితిని. పేటను రాజ్యము చేయు చమత్కారము నాలుగు వందల యేండ్లనాటిదే.

ఆ రాజుకు మంత్రిమండలి, అంగరక్షకులు, న్యాయస్థానము, ఖజానా అన్నియు నుండెను. ఖజానా నిండవలెను గదా! పూర్వవిద్యార్థులకు, పెద్దలకు చందాలకై రాజశాసనములవంటి జాబులు వ్రాసిరి. ఎలిజబెత్ రాణియొక్క కోశాధికారియైన బర్లీ ప్రభువు పది పౌనులును, పూలకుట్టు కుట్టిన సంచియును పంపెను. నిజమైన ఖజానాదారుడు ఆటఖజానాకు చెల్లించిన కప్పమిది. కొన్ని దినముల పిమ్మట మంత్రులు ఈ రాజునకు చెప్పిన హితోపదేశములను వ్రాసినవాడు, అదే యిన్నులో న్యాయవాదిగా నుండిన ఫ్రాన్సిస్ బేకన్ అని పండితుల యభిప్రాయము.

28వ తేదీ రాత్రి పొరుగు సంస్థయైన ఇన్నర్ టెంపుల్ నుండి రాయబారి వచ్చెను. అతడును విద్యార్థియే, ఆ రాయబారమును ఆటయే. కాని చూడవచ్చిన జనము నిజమైన జనము. వేదికమీదికే ఎక్కివచ్చి క్రిక్కిరిసిపోగా, చేయదలచిన వినోదములకు చోటు చాలక రాయబారి యలిగి పరివారముతో వెడలిపోయెను. మిగిలినవారు కొంతసేపు నాట్యమాడిరి. పిమ్మట నటకులు వచ్చి ఒక నాటకమాడిరి. ఆ నాటకము షేక్స్‌పియరు మహాకవియొక్క "కామెడీ ఆఫ్ ఎర్రర్స్". అందులో ప్రభువులు కవలలు, వారి సేవకులును కవలలు; ఒకరిననుకొని మరియొకరిని భార్య భోజనమునకు పిలుచును, కంసాలి గొలుసు చేతికిచ్చును, బంటు సంకెల వేయును. మన వీరేశలింగము పంతులుగారు "చమత్కార రత్నావళి" యను పేర తెనిగించినది ఈ నాటకమునే.

ఆ రాత్రికి విద్యార్థులు "పొరపాటుల రాత్రి" యని పేరు పెట్టుకొనిరి. అంతతో విడువక, ఈ గందరగోళమునకు ఒక మంత్రగాడు కారణమనియు, అతడే నీచులైన నటులను తెచ్చి మనమీద రుద్దెననియు నేరము మోపి ఉత్తుత్తి విచారణ జరిపిరి. కొంటెతనమునకు న్యాయశాస్త్రము తోడైన నిట్లే యుండును. ఉత్తుత్తి రాజు, ఉత్తుత్తి రాయబారి, ఒకే పోలిక గల మనుజుల ప్రహసనము, ఇవి మూడును క్రిస్మస్ దినములలో ఒక్క కప్పుక్రింద కలిసిన రాత్రియది. మనుమరాలి రెండవ ప్రశ్నకు నేను చెప్పవలసియుండిన జవాబు ఇదే.

ఆ నాటకములో హాస్యము మరిపించు చిన్న విషయ మొకటి కలదు. కవలల తండ్రి ముసలివాడు. సూర్యాస్తమయము లోపల వేయి మార్కుల ధనము చెల్లింపకున్న అతని తల తీయుదురని తొలిరంగముననే తీర్పు. నవ్వులన్నియు ఆ గడువు లోపలనే జరుగును.

గడువు అను మాట జ్ఞాపకముంచుకొనుడు. ఈ కథలన్నిటికిని ప్రాణమదియే.

మార్క్ ట్వేన్ వ్రాసి 1881లో వెలువరించిన "ది ప్రిన్స్ అండ్ ది పాపర్" మీలో పలువురు చదివియుందురు. దానిని అనుసరించి 1954లో నందమూరి తారక రామారావుగారు నటించిన "రాజు పేద" చిత్రమును మా తరమువారు మరువలేదు. రాజకుమారుడును, బిచ్చగాని కొడుకును ఒక్క క్షణము ముచ్చటకై బట్టలు మార్చుకొందురు. కావలివాడు రాజకుమారుని గేటు వెలుపలికి నెట్టివేయుటతో ముచ్చట ముప్పగును. ఆ కథలోని రాజకుమారుడు కల్పితుడు కాడు; ఎనిమిదవ హెన్రీ కుమారుడు ఎడ్వర్డు. తొమ్మిదేండ్లకు, 1547లో, నిజముగా రాజైనవాడు.

ఆ బాలరాజు నిజచరిత్రలో క్రిస్మస్ ఒకటి నన్ను కలవరపెట్టినది. 1551వ సంవత్సరాంతమున అతని మేనమామయు, ఒకప్పటి సంరక్షకుడునగు సోమర్సెట్ ప్రభువు మరణశిక్ష పొంది లండను కోటలో ఖైదీగా నుండెను. బాలుని మనస్సు మరల్చుటకై మంత్రులు ఆ పండుగ వేడుకలను ముందెన్నడు లేనంత ఆర్భాటముగా జరిపించిరని నాటి చరిత్రకారుల మాట. జార్జి ఫెరర్స్ అను న్యాయవాదిని వినోదములకు అధిపతిగా, పన్నెండు దినముల రాజుగా నియమించిరి. జనవరి మొదటి వారములో అతడు బాజాలతో, అశ్వికులతో నగరవీథుల నూరేగి, చీప్‌సైడ్ వీథిలో కట్టిన యెత్తైన వేదికమీద నిలిచి ప్రకటన చదివించి, ద్రాక్షసారా పీపాలు తెరపించెను. ఆట వేదికయు, వధ్యవేదికయు చూపునకొక్క తీరుననే యుండును. అదే మాసము 22వ తేదీ ఉదయమున టవర్ హిల్ మీద సోమర్సెట్ తల తెగిపడెను. పదునాలుగేండ్ల రాజు తన దినచర్యలో ఆ సంగతిని ఒక్క వాక్యమున వ్రాసికొని యూరకుండెను. మార్క్ ట్వేన్ తన కథలో ఈ బాలుని చింకిబట్టలతో వీథులు త్రిప్పి కష్టపెట్టెనని జాలిపడుదుము. నిజమైన బాలునకు వీథిలోనికి పోవు భాగ్యమైనను లేదు.

ఇంతవరకు చెప్పినవి పండుగ రాజుల సంగతులు. వారికి దిగవలసిన దినము ముందే నిర్ణయమైయున్నది గనుక ఎక్కుటకు భయము లేదు. దిగు దినము లేకుండ ఎక్కింపబడిన మారురాజు ఏమగును? దీనికి చరిత్రలో పదేండ్ల పిల్లవాడొకడు సాక్ష్యము చెప్పును.

1485లో ఏడవ హెన్రీ యుద్ధమున గెలిచి ఇంగ్లండునకు రాజయ్యెను. పాత రాజవంశమున మిగిలిన బాలుడు వార్విక్ ప్రభువు ఎడ్వర్డు. వానిని పదేండ్ల ప్రాయముననే కోటలో బంధించిరి. ఆక్స్‌ఫర్డులో రిచర్డు సైమండ్స్ అను పూజారి యుండెను. వడ్రంగి కొడుకొకడు చక్కనివాడై, చురుకుగలవాడై, రాచబిడ్డ యీడున నుండుట చూచి ఆ పూజారికి దురాశ పుట్టెను. వానికి రాజకుమారుల నడక, మాట, మర్యాద నేర్పెను. వార్విక్ ప్రభువు చెరనుండి తప్పించుకొని వచ్చెనని చెప్పి వానిని ఐర్లండునకు కొనిపోయెను. చరిత్రలో ఆ పిల్లవాని పేరు లాంబర్ట్ సిమ్నెల్.

ఐర్లండు ప్రభువులు నమ్మిరి. లేక నమ్మినట్లు నటించిరి. ఏడవ హెన్రీ నిజమైన వార్విక్‌ను చెర వెలుపలికి తెచ్చి లండను వీథులలో జనమునకు చూపించెను. ఐర్లండువారు, మీరు చూపినవాడే మోసగాడనిరి! ముఖములు పోల్చి నిజము తేల్చుటకు నాడు ఛాయాచిత్రములు లేవు. ఎవరి సైన్యము పెద్దదో వారి ముఖమే నిజము. 1487 మే 24వ తేదీన డబ్లిన్ నగరమున క్రైస్ట్ చర్చిలో ఆ వడ్రంగి కొడుకునకు ఆరవ ఎడ్వర్డు అను పేర పట్టాభిషేకము జరిపిరి. కిరీటము లేకపోగా, మేరీమాత విగ్రహము తలమీది కిరీటమును తీసి యుపయోగించిరట. పిల్లవాడు జనసమూహములో కనబడడని, ఆ దేశములో కెల్ల పొడుగరియైన డార్సీ యను ప్రభువు వానిని భుజములమీద నెత్తుకొని వీథులలో నడిచెనని చెప్పుదురు. మన యూళ్ల తీర్థములలో తండ్రి భుజములమీద నెక్కి రథము చూచు పిల్లవాడు నా కన్నులకు కట్టినాడు. ఈ పిల్లవాడు చూచుటకు కాక చూపబడుటకు ఎక్కినాడు.

రెండువేలమంది జర్మను కూలిసిపాయిలతో, కాలికి చెప్పు, ఒంటికి కవచము లేని ఐరిషు బంట్లతో ఈ రాజు ఇంగ్లండు తీరమున దిగెను. జూను 16వ తేదీన స్టోక్ అను చోట యుద్ధము. మూడు గంటలలో ముగిసెను. వేలకొలది మడిసిరి. తిరుగుబాటు నడిపిన ప్రభువు చచ్చెను; పూజారి చెరసాలలో మిగిలిన జీవితము గడపెను. పిల్లవాడు పట్టుబడెను.

హెన్రీ వానిని చంపలేదు. దయయని కొందరు, యుక్తియని కొందరు. రాజభవనపు వంటశాలలో మాంసము గ్రుచ్చిన యినుపకమ్మిని నిప్పుసెగమీద త్రిప్పు పనికి వానిని పెట్టెను. మే మాసమున కిరీటము పెట్టుకొన్నవానికి ఆ వేసవిలోనే ఈ కొలువు. కొన్నాళ్లకు ఐర్లండు ప్రభువులు హెన్రీ దర్శనమునకు రాగా, విందులో వారికి మద్యము పోయుటకు ఆ పిల్లవానినే పంపిరనియు, తాము మోకరిల్లి రాజాయని పిలిచినవాడు గిన్నె పట్టుకొని నిలువగా వారెవ్వరును తలయెత్తలేకపోయిరనియు ఒక ఐరిషు గ్రంథమున కలదు. పెద్దవాడైన పిమ్మట అతడు రాజుగారి డేగలను సాకు కొలువునకు మారెను.

మరి నిజమైన వార్విక్? లోకమెరుగని ఆ ఖైదీని పదునాలుగేండ్లు కోటలో నుంచి, మరియొక మారురాజుతో కలిసి కుట్ర చేసెనను నెపమున 1499 నవంబరు 28వ తేదీన తల నరికిరి. నకలు బ్రదికెను, అసలు చచ్చెను. కల్పనాకారుడెవడైన ఇట్లు వ్రాసిన, అసహజమని నేనే గొణిగియుందును.

గడువు లేని తారుమారు యొక్క భయము మన పూర్వులకు తెలియని దనుకొనకుడు. ఆంధ్ర శాతవాహన రాజుల యాస్థానమున గుణాఢ్యుడు బృహత్కథ రచించెనని ప్రసిద్ధి. దానినుండి పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు సంస్కృతీకరించిన కథాసరిత్సాగరమున నందరాజు కథ కలదు. వరరుచి, వ్యాడి, ఇంద్రదత్తుడు అను మువ్వురు విద్యార్థులు గురుదక్షిణకు కోటి సువర్ణములు కావలసి నందుని యొద్దకు పోవుసరికి, రాజు అప్పుడే మరణించియుండెను. ఇంద్రదత్తుడు పరకాయప్రవేశ విద్యచే రాజు దేహమున చొరబడును. కోటి సువర్ణములు వరరుచికి దానమిచ్చి మరల తన దేహమునకు రావలెనని ఏర్పాటు. అతని విడిచిన దేహమును వ్యాడి దేవాలయమున కాచియుండును. చచ్చిన రాజు లేచి కూర్చుండుటయు, లేచీ లేవగానే కోటి దానమిమ్మనుటయు చూచి శకటాలుడను మంత్రికి అనుమానము కలిగెను. కొడుకు చిన్నవాడు, శత్రువులు బలవంతులు. ఈ రాజు నిలువవలెననిన వీడు తిరిగిపోరాదు. నగరమునందలి శవములన్నిటిని దహింపుడని యాజ్ఞ యిచ్చెను. ఇంద్రదత్తుని శరీరమును బూడిదయయ్యెను. రాజ్యము దొరికెను గాని తన బ్రాహ్మణదేహము పోయెనని అతడు వలవల యేడ్చెను. ఒక్క గడియకని పోయినవాడు జీవితాంతము రాజుగా మిగిలిపోయెను. ఈ కథను చిన్ననాట మాయకథగా విన్నాను. నేడు శకటాలుని యాలోచన చూడగా, ఇది రాజనీతి తెలిసినవాడు చెప్పిన కథయని తోచుచున్నది.

చివరకొక సంగతి చెప్పి విరమింతును. ఒకే పోలిక గల ఇద్దరు రాజులు నిజముగా నుండిరా యనిన, ఉండిరి. వారిలో ఒకని ముఖము మన తాతలనాటి వెండి రూపాయలమీద నేటికిని చూడవచ్చును. అయిదవ జార్జి. రెండవవాడు రష్యా చక్రవర్తి రెండవ నికొలస్. ఇద్దరి తల్లులు డెన్మార్కు రాజుబిడ్డలు, అక్కచెల్లెండ్రు. అదే నుదురు, అవే కన్నులు, అదే గడ్డము. 1893 జూలైలో జార్జి వివాహమునకు నికొలస్ లండను రాగా అతిథులు ఒకరిననుకొని మరియొకరిని పలుకరించిరి. పోలిక గూర్చి విని విని విసిగితినని నికొలస్ తల్లికి జాబు వ్రాసెను. రురిటేనియా కథ వెలువడినది ఆ మరుసటి సంవత్సరమే. 1913లో బెర్లిను నగరమున ఇద్దరును జర్మను సైనికుల దుస్తులు ధరించి ప్రక్కప్రక్కన నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రము కలదు. ఎవరు ఎవరో చెప్పుటకు నేటికిని రెండుమారులు చూడవలెను.

1917 మార్చిలో నికొలస్ సింహాసనము పోయెను. అతనికి ఇంగ్లండులో ఆశ్రయమిత్తుమని బ్రిటిషు ప్రభుత్వము మొదట నంగీకరించెను. కొలది దినములలోనే జార్జి కార్యదర్శి మంత్రులకు జాబు వెనుక జాబు వ్రాసి, చక్రవర్తి రాక రాజునకు ఇబ్బందియని తెలిపెను. ఆహ్వానము వెనుకకు పోయెను. 1918 జూలై 17వ తేదీ తెల్లవారకముందే యెకాటెరిన్‌బర్గ్ పట్టణమున ఒక యింటి నేలమాళిగలో నికొలస్‌ను, భార్యను, అయిదుగురు బిడ్డలను కాల్చి చంపిరి. ఈ పాపము ప్రధానమంత్రి లాయిడ్ జార్జిదని చాలకాలము చెప్పుకొనిరి. 1983లో కెనెత్ రోజ్ అను చరిత్రకారుడు వెలువరించిన జీవితచరిత్ర వలన, తొలి భయము రాజుదేయని స్పష్టమైనది. ఆ సింహాసనముపై మండిన ప్రజాగ్రహము తన సింహాసనమునకు అంటుకొనునని జార్జి వెరచియుండును. అద్దమున చూచుకొన్నప్పుడెల్ల ఆ ముఖమే కనబడి యుండును గదా యని నాకు తోచును.

ఇవన్నియు మా మనుమరాలికి మరునాడు చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని, తన చిత్రమునే సమర్థించినది. "అందుకే తాతయ్యా, సినిమాలో చివరికి ఇద్దరూ నిజం ఒప్పేసుకున్నారు. స్టేసీ స్టేసీగానే యువరాజుని పెళ్లి చేసుకుంది" అన్నది. నిజమే. వారు రెండు దినముల వేషము విడిచివేసిరి. మారిన చోట్లలో ఎవరి పేరుతో వారు నిలిచిరి. నేను గొణుగుటకేమియు దొరకలేదు.

కొంతసేపటికి ఆమె మరల నా గదిలోనికి వచ్చినది. "ఆ వంటింట్లో పెట్టిన పిల్లాడున్నాడే, లాంబర్ట్ అన్నది కూడా వాళ్లు పెట్టిన పేరేనా? అమ్మానాన్నా పెట్టిన పేరు ఏమిటి?"

స్టోక్ యుద్ధమును గూర్చి హెన్రీ కొలువులోని వార్తాహరుడొకడు వ్రాసిన నివేదిక మిగిలియున్నది. పట్టుబడిన బాలుని నిజమైన పేరును అతడు అందులో ఒక్కచోట వ్రాసిపెట్టెను. జాన్ అని.

ఆ పేరు ఆమెకు చెప్పితిని.